నడివయసులో పరుగు: గ్రౌండా, రోడ్డా, గోపాల్‌పూర్ ఇసుకా?

ముప్పై అయిదు దాటాక పరుగు మొదలుపెడదామనుకునేవాళ్లు ముందుగా అడిగేది బూట్ల గురించే. ఏ కంపెనీవి కొనాలి, ఎంతలో వస్తాయి అని. నన్నడిగితే అది నాలుగోదో అయిదోదో అవ్వాల్సిన ప్రశ్న. ఎలా మొదలెట్టాలి, ఎక్కడ పరిగెత్తాలి, ఏ పూట, ఎవరితో అనేవి ముందు తేలాలి. ఇవి మీ ఇంటికీ మీ డ్యూటీకీ మీ ఊరి ఎండకీ సరిపడేలా కుదిరితే పరుగు నిలబడుతుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన బూట్లయినా చెప్పుల స్టాండులో దుమ్ము పట్టిపోతాయి.

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పరుగు గురించి మనకు దొరికే సలహాల్లో చాలామటుకు పెద్ద నగరాల పార్కులకు సరిపోయేవి. మన దగ్గర సముద్రపు ఉక్క ఉంటుంది, సందు చివర కుక్కలుంటాయి, చిన్నప్పటి నుంచి మనల్ని ఎరిగిన వీధి ఉంటుంది. ఇవన్నీ లెక్కలోకి తీసుకోకుండా ఎవరో చెప్పిన పద్ధతి పట్టుకుంటే రెండు వారాల్లో వదిలేస్తాం.

ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. హుషారుగా ఉన్న రోజున ఏది బాగుంటుందని కాదు. రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు, ఆఫీసులో ఆడిట్ టెన్షన్ ఉంది, బయట ముసురు పట్టింది. అలాంటి రోజున కూడా వీటిలో ఏది జరుగుతుంది? అదే మీది. హుషారున్న రోజున ఏదైనా జరుగుతుంది, దానికి సలహాలు అక్కర్లేదు.

మొదలెట్టడానికి మూడు దారులు

మొదటి రోజు నుంచే పరుగు అందుకోవడం ఒకటి. కాసేపు పరుగు, కాసేపు నడకగా వెళ్లడం ఇంకొకటి. కొన్ని వారాలు వడిగా నడిచి, ఆ తర్వాత పరుగులోకి రావడం మూడోది.

కొత్తగా గ్రౌండుకి వచ్చినవాళ్లు ఎక్కువగా పడేది మొదటి దారిలోనే. దానికి కారణం కూడా గ్రౌండులోనే కనిపిస్తుంది. తెల్లవారుజామున మన ఊళ్లలో పరిగెత్తేది పోలీసు, ఆర్మీ సెలక్షన్లకు తయారయ్యే కుర్రాళ్లు. ఒకడు ఫోనులో స్టాప్‌వాచీ పెట్టుకుని గీత దగ్గర నిలబడతాడు. మిగతావాళ్లు 1600 మీటర్లూ ప్రాణం పెట్టి లాగుతారు. ఆఖరి రౌండులో వాళ్ల బూట్లు నేలకు తగిలే చప్పుడు వింటుంటేనే మనకూ ఊపొస్తుంది. నలభై ఏళ్ల మనిషి ఆ ఊపులోనే బయల్దేరతాడు. సగం రౌండుకి డొక్కలో పోటు, రౌండు పూర్తయ్యేసరికి ఊపిరి అందదు. ఇక మన వల్ల కాదులే అనుకుని ఇంటికొచ్చేస్తాడు. అతని వల్ల కాని పనేమీ లేదు. ఆ కుర్రాళ్లు రాయబోయే పరీక్షకు అతను తయారవ్వక్కర్లేదు, అంతే. వాళ్ల గడువు కొన్ని నెలలు. అతని ముందు ఇంకా ముప్పై ఏళ్లున్నాయి.

నేరుగా పరుగు పనికొచ్చేది ఇప్పటికే షటిలో ఫుట్‌బాలో ఆడుతున్నవాళ్లకు, రోజంతా ఒళ్లొంచి పనిచేసేవాళ్లకు. వాళ్లయినా మొదటి నెల మెల్లగానే వెళ్లాలి.

మిగతా అందరికీ నేను చెప్పేది రెండో దారి. దీనికి బాగా పేరున్న పద్ధతి కౌచ్ టు ఫైవ్‌కే, అంటే సోఫా మీంచి లేచి 5 కిలోమీటర్ల పరుగు దాకా. జోష్ క్లార్క్ అనే అమెరికన్ 1996లో తయారుచేశాడు. వారానికి 3 రోజుల చొప్పున 9 వారాలు. మొదటి వారం 5 నిమిషాలు చురుగ్గా నడిచి, ఆపైన 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక చొప్పున 20 నిమిషాలు. వారం వారం పరుగు పెరుగుతుంది, నడక తగ్గుతుంది, చివరికి ఆగకుండా అరగంట పరిగెత్తగలుగుతారు. 9 వారాల్లోనే పూర్తవ్వాలన్న పట్టుదల మాత్రం వద్దు. నాలుగో వారం బరువుగా అనిపిస్తే ఇంకో వారం అదే చేయండి. బరంపురం ఉక్కలో ఒక్కో వారాన్ని రెండుసార్లు చేసినా తప్పులేదు. మధ్యలో నడవడం చేతకానితనమని చాలామంది అనుకుంటారు. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున పరిగెత్తిన జెఫ్ గాలొవే 1970లలోనే నడక విరామాలతో పరుగు నేర్పడం మొదలుపెట్టాడు. ఆ పద్ధతిలో మారథాన్లు పూర్తిచేసినవాళ్లు లెక్కలేనంత మంది.

ఈ దారినే ఎందుకు చెబుతున్నానంటే, మన ఒంట్లో అన్నీ ఒకే వేగంతో అలవాటుపడవు. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముకలకు, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లకు నెలలు పడుతుంది. మూడో వారంలో ఊపిరి హాయిగా ఆడుతుంది కదా అని దూరం రెట్టింపు చేస్తే, మోకాలి కింద ముందువైపు ఎముక వెంట నొప్పి మొదలవుతుంది. పొద్దున్నే మంచం దిగి అడుగు వేయగానే మడమలో ముల్లు గుచ్చినట్టుండేది కూడా ఇలా వచ్చేదే. ఒళ్లంతా పట్టేసినట్టుండే నొప్పికి భయపడక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో అదే పోతుంది. ఒకే చోట, వేలుపెట్టి చూపించగలిగేలా నొప్పి ఉంటే మాత్రం పరుగు ఆపి నడవండి. తగ్గకపోతే చూపించుకోండి.

వేగం ఎంతుండాలన్నదానికి వాచీ అక్కర్లేదు. పక్కవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. 'నిన్న రాత్రి కరెంటు ఎన్నింటికి వచ్చింది మీకు?' అని ఒక్క దమ్ములో అడగగలిగితే మీ వేగం సరైనదే. 'ఆ', 'ఊ' తప్ప రావట్లేదంటే తగ్గించండి. నడిచేవాళ్లు మనల్ని దాటి వెళ్లిపోయినా పరవాలేదు.

మూడో దారి ఎవరికంటే, యాభై దాటి చాలా ఏళ్లుగా ఏ వ్యాయామమూ లేనివాళ్లకు, బరువు బాగా ఎక్కువున్నవాళ్లకు. నాలుగు నుంచి ఆరు వారాలు, వారానికి 5 రోజులు, రోజూ అరగంట వడిగా నడిచి, ఆ తర్వాత రెండో దారిలోకి రండి. ఈలోగా ఏదో పోగొట్టుకుంటున్నామని అనుకోవద్దు. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ గానీ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వడి నడక ఆ మొదటి లెక్కలోకి వచ్చేస్తుంది. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టుండేవాళ్లు ముందు డాక్టరుతో మాట్లాడాల్సిందే. ఇన్సులిన్ వాడేవాళ్లు జేబులో గ్లూకోజ్ గానీ బెల్లం ముక్క గానీ లేకుండా గడప దాటొద్దు.

'మోకాళ్లు అరిగిపోతాయి' అన్న మాట ఎలాగూ వినపడుతుంది కాబట్టి దాని గురించి ఇక్కడే చెబుతాను. అంతకుముందు జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో ఒక విశ్లేషణ వచ్చింది. మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల మామూలుగా పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం, పరుగే లేనివాళ్లలో 10.2 శాతం, పోటీల స్థాయిలో పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం మందిలో కనిపించింది. పరుగు వల్లే కీళ్లు బాగున్నాయని దీన్నిబట్టి తేల్చేయలేం, సన్నగా ఉన్నవాళ్లే పరుగుకి వస్తుండొచ్చు. కానీ మనలాంటివాళ్లు వారానికి మూడు రోజులు మెల్లగా పరిగెడితే మోకాళ్లు పాడైపోతాయన్న భయానికి ఆధారం లేదు. ఇప్పటికే మోకాలు వాచి ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు డాక్టరును అడిగే మొదలెట్టాలి.

ఎక్కడ పరిగెత్తాలి

నా దృష్టిలో అసలు ఎంపిక ఇదే. ఎక్కువమంది మానేసేది కాళ్ల వల్ల కాదు, చోటు వల్ల.

బరంపురం వాళ్లకు ముందు గుర్తొచ్చేది గోపాల్‌పూర్. 15 కిలోమీటర్ల దూరం, సముద్రపు గాలి, పొద్దుటి వెలుగు. ఫోటోకి అంతకంటే మంచి చోటు లేదు. అయితే రోజూ పరిగెత్తడానికి నేనది చెప్పను. బండి మీద అరగంట వెళ్లాలి, అరగంట రావాలి. ముసురు పట్టిన రోజున ఆ అరగంటే అడ్డం వస్తుంది. పైగా ఇసుక సంగతుంది. మెత్తటి ఇసుకలో పరిగెత్తితే గట్టి నేల మీదకంటే సుమారు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుందని 1998లో ఒక ప్రయోగంలో కొలిచారు. కొత్తవాళ్లకు పిక్కలు పట్టేస్తాయి, మడమ వెనక టెండన్ లాగేస్తుంది. ఆటు సమయంలో తడిసి గట్టిపడిన ఇసుక నయమే గానీ, ఒడ్డు సముద్రం వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఎప్పుడూ కిందే పడుతుంది. ఒకవైపు ఎంత వెళ్లారో వెనక్కి అంతే రండి, రెండు కాళ్లకూ సమానమవుతుంది. ఒట్టి కాళ్లతో అయితే మొదట్లో 5 నిమిషాలకు మించొద్దు. గోపాల్‌పూర్‌ని ఆదివారానికి ఉంచుకోండి. పిల్లల్నీ తీసుకెళ్లండి, పరిగెత్తి వచ్చాక ఒడ్డున టీ తాగండి. వారమంతా పరిగెత్తినందుకు ఆదివారం మీకది దక్కిందంటే మర్నాటి సోమవారం లేవడం తేలికవుతుంది.

కాలేజీ గ్రౌండో స్టేడియమో ఇంటికి పది నిమిషాల నడకలో ఉంటే ఇంకేమీ ఆలోచించొద్దు. మట్టి నేల, బండ్ల భయం లేదు, ఎక్కడ ఆగినా ఇంటికి దగ్గరే. చుట్టూ తెలిసిన మొహాలుంటాయి. రెండు రోజులు కనిపించకపోతే 'ఏటి బాబూ, ఒంట్లో బాగుందా?' అని అడిగే పెద్దాయన ఒకరు ప్రతి గ్రౌండులోనూ ఉంటారు. ఆయన చేసే మేలు ఏ ఫోన్ యాపూ చేయలేదు. గ్రౌండుతో వచ్చే చిక్కు విసుగు. తిరిగిందే తిరగాలి. రోజు విడిచి రోజు దిశ మార్చి తిరగండి, మలుపుల్లో ఒకే కాలి మీద బరువు పడకుండా కూడా ఉంటుంది. వానాకాలంలో గుంటలు నీళ్లతో నిండి కనపడవు, అప్పుడు చీలమండ బెణికే ప్రమాదం ఎక్కువ. ఆ రోజుల్లో అంచున ఉండే సిమెంటు బాట మీద పరిగెత్తినా నష్టం లేదు. నేల గట్టిదా మెత్తదా అన్నదానికంటే దూరం ఎంత తొందరగా పెంచుతున్నామన్నదే కాళ్లను ఎక్కువ దెబ్బతీస్తుంది.

రోడ్డు అంటే ముందే చెబుతాను, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన వద్దు. తెల్లవారుజామున రాత్రంతా నడిపి వచ్చిన లారీ డ్రైవరు కళ్లను నమ్ముకుని పరిగెత్తకూడదు. ఊళ్లో రోడ్డయితే కుడివైపున, ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా వెళ్లండి. తెల్ల చొక్కాగానీ మెరిసే పట్టీగానీ వేసుకోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు, పెట్టుకున్నా ఒక చెవికే. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి. పరిగెత్తేదాన్ని తరమడం దానికి సహజం, నడిచే మనిషి మీద ఆసక్తి పోతుంది. ఒకే దారిలో రోజూ ఒకే వేళకు వెళ్తే పది రోజుల్లో అవి కూడా అలవాటుపడతాయి. రోడ్డుకున్న సుఖం ఒక్కటి, గడప దాటితే మొదలైపోతుంది. గ్రౌండు దూరంగా ఉండి, మీ వీధి ప్రశాంతంగా ఉంటే రోడ్డే మేలు.

మిగతా ఊళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. పర్లాకిమిడి వాళ్లకు ఆంధ్రలోని పాతపట్నం వైపు వెళ్లే రోడ్డు మీద తెల్లవారకముందు వెళ్లొస్తే రాష్ట్రం దాటి వచ్చినట్టే, ఆ ఒక్క ముచ్చట కోసమే బయల్దేరేవాళ్లుంటారు. జయపురంలో జగన్నాథ సాగరం ఒడ్డు ఉంది, నీళ్ల పక్కన విసుగు తెలియదు. కొరాపుట్, సునాబెడా వాళ్లు ఎత్తు మీద ఉన్నారు కాబట్టి ఉక్క బాధ తక్కువ, దానికి బదులు ఏ రోడ్డు పట్టుకున్నా ఎగుడు దిగుడు. ఎక్కేటప్పుడు నడిచి, చదునులో పరిగెత్తండి. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా వేయండి, తొడల్ని పట్టేసేది దిగుడే. రాయగడ, గుణుపురం వాళ్లకు వేసవిలో తెల్లవారుజామే దిక్కు.

ట్రెడ్‌మిల్ అంటే కొందరు చిన్నచూపు చూస్తారు. నేను చూడను. రాత్రి షిఫ్టు వాళ్లకు, చీకటిపడ్డాక బయటికి వెళ్లడానికి వీల్లేని ఆడవాళ్లకు, జూలై ఆగస్టు వానల్లో అందరికీ అది పనికొచ్చే యంత్రమే. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడక, 7 దగ్గర పరుగు పెట్టి చూడండి. ముందున్న కడ్డీ పట్టుకుని పరిగెత్తకండి, సగం పని అదే చేసేస్తుంది. జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేస్తే తగ్గింపిస్తామంటారు, మొదటిసారి నెలకే కట్టండి. ఇంటికి కొందామనుకునేవాళ్లు ముందు రెండు నెలలు జిమ్‌లో పరిగెత్తాక అప్పుడు ఆలోచించండి. బట్టలారేసుకోవడానికి వాడే ట్రెడ్‌మిళ్లు మన ఊళ్లో తక్కువేమీ లేవు.

పొద్దున్నా, సాయంత్రమా

బరంపురం, గోపాల్‌పూర్ ఉన్న గంజాం తీరంలో చెమట ఆరదు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు ఒళ్లు చల్లబడటం కష్టమై గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. డిసెంబరులో సునాయాసంగా వెళ్లిన వేగం మే నెలలో ఆయాసం తెప్పిస్తుంది. అందుకని ఏప్రిల్ నుంచి పొద్దున్నే నయం, అదీ సూర్యుడు రాకముందు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏ పూటైనా ఒకటే. మొదలుపెట్టడానికి ఆ నాలుగు నెలలే మంచివి. అలాగని ఇప్పుడు జూన్ అయితే నవంబరు దాకా ఆగొద్దు, నడక ఈ రోజే మొదలుపెట్టండి.

పొద్దుటి పూటకి ఇంకో బలం, ఆ టైములో ఎవరూ మనకు పని చెప్పరు. సాయంత్రం ఆరింటికి ఆఫీసులో ఒక ఫోను, దారిలో ఒక చుట్టం, ఇంట్లో పిల్లాడి లెక్కల హోంవర్క్, అన్నీ పోటీకి వస్తాయి. సాయంత్రానికీ ఒక బలముంది. ఒళ్లు అప్పటికే కదిలి ఉంటుంది కాబట్టి బిగుసుకుపోయి ఉండదు. టీచర్లకు వేసవిలో మార్నింగ్ స్కూల్ మొదలయ్యాక పొద్దుటి పూట పోతుంది, వాళ్లు ఆ రెండు నెలలకూ సాయంత్రం ఆరున్నర తర్వాతకి మార్చుకోవాలి. ఆ మార్పు ముందే అనుకుని పెట్టుకోకపోతే పరుగు ఆగేది సరిగ్గా అక్కడే.

పరిగెత్తి వచ్చాక బాగా చెమట పోసిన రోజుల్లో ఉప్పేసిన మజ్జిగ, తరవాణి, చోడంబలి, ఏదున్నా చాలు. సీసాల్లో అమ్మే రంగు నీళ్లు అరగంట పరుగుకి అవసరం లేదు.

ఎవరితో

ఒంటరిగా పరిగెడితే మన ఇష్టం, మన వేగం. తోడుంటే మాట మీద నిలబడతాం. గేటు దగ్గర అయిదుంపావుకి ఒక మనిషి మన కోసం నిలబడి ఉన్నాడని తెలిస్తే అలారం ఆపి మళ్లీ పడుకోలేం. అన్ని ఉపాయాల్లోనూ నేను గట్టిగా నమ్మేది ఇదే. తోడు ఎంచుకునేటప్పుడు మనకంటే వేగంగా వెళ్లేవాళ్లను కాకుండా, మనతో సమానమైనవాళ్లనో కొంచెం నెమ్మదైనవాళ్లనో చూసుకోండి. వేగంగా వెళ్లే స్నేహితుడి వెనక రోజూ రొప్పుతూ వెళ్లడం ఎవరూ ఎక్కువ రోజులు భరించలేరు. ఇంకో మాట కూడా ముందే అనుకోండి: 'నేను రాకపోయినా నువ్వు వెళ్లు, నువ్వు రాకపోయినా నేను వెళ్తా.' ఈ మాట లేని జంటల్లో ఒకరు మానేస్తే రెండోవారు కూడా మానేస్తారు.

గుంపులో సందడి ఎక్కువ, క్రమశిక్షణ ఎక్కువ, ఫోటోలు ఇంకా ఎక్కువ. మొహమాటం లేనివాళ్లకు బాగుంటుంది. మొదటి రోజే పది కిలోమీటర్లు లాగించే గుంపు అయితే వెంటనే తప్పుకోండి. కొత్తవాళ్లతో పాటు ఒక పాతవాళ్లెవరైనా వెనక మెల్లగా వస్తున్నారా అని చూడండి. వస్తున్నారంటే అది మంచి గుంపు.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి, ఎందుకంటే వాళ్లకు ఎక్కడ, ఏ పూట, ఎవరితో అనే మూడు ప్రశ్నలూ ఒకటే. మా వదినకు పరుగంటే భయం లేదు. మూల మీది టీకొట్టు దాటడమే ఆవిడకి కష్టంగా ఉండేది. బెంచీ మీద కూర్చున్న పదిమంది కళ్లు, గ్లాసు పట్టుకున్న చేతులు అలాగే ఆగిపోవడం. ఆవిడ చేసిందేమిటంటే, ఇంటి నుంచి గ్రౌండు దాకా చున్నీ వేసుకుని స్కూల్లో తనతో పనిచేసే ఇద్దరితో మామూలుగా నడుచుకుంటూ వెళ్తుంది. పరుగు గ్రౌండు లోపలే, వాకర్లు నిండుగా ఉండే వేళకే. ముగ్గురిలో ఎవరు ఆగినా మిగతా ఇద్దరూ ఆమె కనపడే దూరంలోనే తిరుగుతారు. ఎదురింటి పెద్దావిడ ఒకరోజు ఆపి అడిగింది: 'ఏటమ్మా, ఈ వయసులో ఆ పరుగులేటి?' మా వదిన 'డాక్టరు పరిగెత్తమన్నారు పిన్నీ' అంది. అంతే, ఆ వీధిలో మళ్లీ ఎవరూ అడగలేదు. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టరు వ్యాయామం చేయమన్న మాట నిజమే. మీకూ అలాంటి కారణముంటే వాడుకోండి, మన వీధులు డాక్టరు మాటకు ఎదురు చెప్పవు. లేకపోతే ఏ కారణమూ చెప్పక్కర్లేదు, పది రోజులు వరసగా చూస్తే వాళ్లే మామూలైపోతారు.

ఫోను యాప్ కూడా ఒక రకం తోడే. దూరం, సమయం లెక్క కడుతుంది, పెరుగుతున్న అంకెలు చూస్తే సంతోషంగా ఉంటుంది. స్ట్రావా లాంటివాటిలో పరుగు ఎక్కడ మొదలైందో అందరికీ కనపడకుండా దాచే సెట్టింగ్ ఉంటుంది. ముందు అది పెట్టుకోండి, ముఖ్యంగా ఆడవాళ్లు.

దేనికోసం పరిగెత్తాలి

బరువు తగ్గడానికి మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ, ఆ కారణంతోనే మానేసేవాళ్లూ ఎక్కువే. లెక్క చూడండి. కిలోమీటరు పరుగుకి కిలో బరువుకి దాదాపు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషి 3 కిలోమీటర్లు పరిగెడితే ఇంచుమించు 210 క్యాలరీలు, ఒక పెద్ద సమోసా అంత. నెలాఖరుకి కాటా ముల్లు కదలకపోతే మనసు విరిగిపోతుంది. అదే నెలలో నిద్ర మెరుగుపడి ఉంటుంది, రైల్వే స్టేషను మెట్లు ఆగకుండా ఎక్కుతుంటారు, చిరాకు తగ్గి ఉంటుంది. కాటా మీద కళ్లుంటే ఇవేవీ కనపడవు. కొలవాల్సిందే అనిపిస్తే వారానికి ఎన్ని రోజులు బయటికి వెళ్లారో గోడ క్యాలెండరు మీద గీత పెట్టండి.

అలవాటు ఎన్నాళ్లకు పడుతుందన్నదానికి 21 రోజులని ఒక మాట తిరుగుతుంటుంది. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చూస్తే సగటున 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. 22వ రోజున కూడా లేవబుద్ధి కాకపోతే మీలో లోపమేమీ లేదన్నమాట. రోజూ తప్పకుండా పరిగెత్తుతాననే పంతాలు నాకు నచ్చవు. అవి తెగిన రోజున మనిషి పూర్తిగా మానేస్తాడు. 'అవకాశం దొరికినప్పుడు పరిగెత్తుతా' అన్నదానికంటే 'పాలు తెచ్చి గిన్నెలో పోయగానే బూట్లు వేసుకుంటా' అన్నది పనిచేస్తుంది. రోజూ ఎలాగూ జరిగే ఒక పని వెనక పరుగుని కట్టేస్తే, వెళ్లాలా వద్దా అని మనసుతో బేరమాడాల్సిన పని ఉండదు.

మన వైపు ఆటంకాలు కూడా ముందే తెలిసినవి. రెండేళ్లకోసారి బరంపురంలో బుఢీ ఠాకురాణీ అమ్మవారి యాత్ర వస్తుంది, ఊరు రాత్రుళ్లు మేలుకునే ఉంటుంది. అక్టోబరులో తుఫానులు, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ మనం చూసినవే. పెళ్లిళ్ల సీజను ఉండనే ఉంది. వారం ఆగితే ఒంటికి జరిగే నష్టం ఏమీ లేదు. రెండు మూడు వారాలు ఆగితే దమ్ము కొంత తగ్గుతుంది, అప్పుడు వదిలిన దగ్గర కాకుండా దానికి సగం నుంచి అందుకోండి.

వయసు గురించి బెంగ పడేవాళ్లకు ఫౌజా సింగ్ పేరు చెబుతాను. ఎనభై దాటాక పరుగులోకి వచ్చి, 2000లో 89వ ఏట లండన్ మారథాన్ పరిగెత్తాడు, 2011లో టొరంటోలో నూరేళ్ల వయసులో మారథాన్ పూర్తిచేశాడు. మన బరంపురం రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో స్వర్ణం తెచ్చాక ఎంతమంది కుర్రాళ్లు జిమ్ముల్లో చేరారో మనకు తెలుసు. కుర్రాళ్లకు రవికుమార్ ఎలాగో మన వయసువాళ్లకు ఫౌజా సింగ్ అలాగ.

బూట్లు, ఆ తర్వాత పందెం

బూట్ల గురించి రెండు మాటలు చాలు. పరుగు కోసం చేసినవి కొనండి, బొటనవేలి ముందు ఒక అంగుళంలో సగం ఖాళీ ఉండాలి, సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు వేసి చూసుకోండి. కొట్టులో నాలుగడుగులు పరిగెత్తి చూస్తే కాళ్లకు హాయిగా ఉన్నవే మీవి, ధర తర్వాత. 500 నుంచి 800 కిలోమీటర్ల మధ్య మార్చాల్సి వస్తుంది. మొదటి నెల నడక పరుగుకి ఇంట్లో ఉన్న గట్టి స్పోర్ట్స్ బూట్లే చాలు.

పందెం పెట్టుకోవాలా వద్దా అన్నది చివరి ఎంపిక. తేదీ ఎదురుగా ఉంటే కొందరు బాగా నడుస్తారు, కొందరికి అదే టెన్షన్. పరీక్షలంటే చిన్నప్పుడు రాత్రుళ్లు నిద్ర పట్టనివాళ్లు మొదటి ఏడాది పందెం జోలికి వెళ్లకండి. తేదీ ఉంటేనే పని చేసేవాళ్లు వెళ్లండి. మనకు దగ్గర్లో పెద్దది విశాఖలో జరిగే నేవీ మారథాన్. ఇందులో 42, 21 కిలోమీటర్లతో పాటు 10, 5 కూడా ఉంటాయి. బరంపురం నుంచి రైల్లో నాలుగైదు గంటలు. అందరూ మారథాన్ అంటున్నారని 21కి పేరు ఇవ్వొద్దు. 9 వారాల పద్ధతి పూర్తిచేసినవాళ్లు 5కి ఇవ్వండి. అరగంట ఆగకుండా పరిగెత్తడం మొదలై మూడు నెలలు దాటినవాళ్లు 10కి ఇవ్వండి. రైలు టికెట్లు ముందే తీసుకుని, ఇంట్లోవాళ్లను కూడా తీసుకెళ్లండి. తిరిగొచ్చాక రెండు రోజులు నడవండి. మూడో రోజు గ్రౌండులో ఎప్పుడు ఎన్నింటికి కలుసుకోవాలో రైలు ఎక్కకముందే మీ తోడుతో మాట్లాడి పెట్టుకోండి.